హాబీ గడిలో ఏం రాయమంటారు?

పోయిన జూన్‌లో బడి తెరిచాక మా పిల్లలకి వివరాల కాయితాలు పంచాం. పేరు, తండ్రి పేరు, ఊరు, కులం, పుట్టుమచ్చలు. అన్నీ గబగబా నింపేశారు. చివర్లో ఒక గడి ఉంది, ‘హాబీలు’ అని. అక్కడికొచ్చేసరికి పల్లె పిల్లల చేతులు ఆగిపోయినయ్. ఊళ్లోంచి వచ్చే పిల్లలు చదరంగం, బొమ్మలు గీయడం, క్యారమ్స్ అని రాసేశారు. మన పిల్లల్లో కొందరు పక్కోడి కాయితంలోకి తొంగి చూసి అదే దింపారు. కొందరు గడి ఖాళీగా వదిలారు. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి మాత్రం గుండ్రటి అక్షరాలతో ‘ఏమీ లేవు సార్’ అని రాసింది.

ఆ పిల్ల సంగతి మాకు తెలుసు. చెట్ల కింద రాలిన పిట్ట ఈకలు ఏరి పాత నోటు పుస్తకంలో అంటించి పెట్టుకుంటుంది. పాలపిట్ట ఈక, వడ్రంగి పిట్ట ఈక, కొంగ ఈక, గోరింక ఈక. ఒక్కోదాని కింద ఎక్కడ దొరికిందీ ఏ రోజు దొరికిందీ రాసుకుంటుంది. కూత విని పిట్ట పేరు చెప్తుంది. సైన్సు పాఠం చెప్పే మాకు ఆ పిట్టల్లో సగం తెలీదు. ‘మరి ఆ ఈకల పుస్తకం ఏందమ్మా?’ అని అడిగాం. ‘అది హాబీనా సార్? చెప్తే నవ్వుతారు’ అంది.

ఎందుకు నవ్వుతారని ఈ పిల్ల అనుకుంది? ఎవరు నేర్పారు ఆ మాట? పుస్తకంలో ఎక్కడా రాసిలేదు. మేమైతే నేర్పలేదు. అయినా పన్నెండేళ్లకే ఆ పిల్లకి తెలిసిపోయింది, లోకంలో చెప్పుకోదగ్గ ఇష్టాలు కొన్నుంటాయనీ, తనవి ఆ లెక్కలోకి రావనీ.

మా సంగతీ ఇంతే. మేము సాంఘిక సంక్షేమ హాస్టల్లో చదివిన రోజుల్లో వారపత్రికల్లో ‘కలం స్నేహం’ అని ఒక పేజీ వచ్చేది. పేరు, వయసు, అడ్రసు, కింద హాబీలు. ముఖం చూడని వాళ్లు ఉత్తరాల మీద స్నేహం చేసుకునేవాళ్లు. ఇప్పుడు ఫోన్లలో చేసుకుంటున్నారే, అదే. ఆ పేజీలో అందరి హాబీలూ ఒకటే. స్టాంపుల సేకరణ, నాణేల సేకరణ, ప్రకృతి ఆరాధన. మేమూ ఒక ఉత్తరం రాశాం, ‘స్టాంపుల సేకరణ’ అని. పచ్చి అబద్ధం. మా ఇంటికి పోస్టుమాను వచ్చిందే ఎప్పుడో ఒకసారి. స్టాంపులెక్కణ్ణించి వస్తాయి? మేము నిజంగా పోగు చేసింది అగ్గిపెట్టెల మీది బొమ్మలు. బస్టాండులో, సారా కొట్టు ముందు, కాలవ గట్టు మీద ఏరేవాళ్లం. ఓడ బొమ్మ, చిరుత బొమ్మ, చక్రం బొమ్మ. రెండొందలకి పైగా ఉండేవి మా దగ్గర. ఆ సంగతి రాయడానికి సిగ్గేసింది.

బడి అడ్రసుతో రాశాం కాబట్టి ఒక పట్నం అబ్బాయి దగ్గర్నుంచి జవాబొచ్చింది. మూడు ఉత్తరాలు నడిచాయి. అతనికి క్రికెట్ పిచ్చి. మాకూ పిచ్చే. టీ బడ్డీ బయట నిలబడి రేడియోలో కామెంటరీ వినేవాళ్లం. వెస్టిండీస్ జట్టంటే ప్రాణం, ఎందుకో అప్పుడు తెలీదు, వాళ్ల రంగు చూసి మనవాళ్లే అనిపించేది. నాలుగో ఉత్తరానికి వేసవి సెలవులొచ్చాయి. బడి మూస్తారు కదా అని హాస్టల్ అడ్రసు ఇచ్చాం, వార్డెన్ సారు దగ్గరుంటాడని. ‘సాంఘిక సంక్షేమ వసతి గృహం’ అని కవరు మీద చూశాడో ఏమో, తర్వాత ఒక్క అక్షరం రాలేదు. పోస్టులో పోయిందేమో అనుకుని ఇంకో రెండు రాశాం. ఆ వయసులో అంతే.

ఇష్టాలకి కులం లేదంటారు పెద్దమనుషులు. మేము ఒప్పుకోం. హాబీ అంటే తీరిక. తీరిక అంటే ఎవరో ఒకరు నీ పని చేసి పెట్టాలి. మన అమ్మలు వాళ్ల కళ్లాలు ఊడిస్తేనే కదా వాళ్ల పిల్లలకి వీణ నేర్చుకునే సాయంత్రం దొరికింది! ఆ సాయంత్రాన్ని మన దగ్గర్నుంచి గుంజుకుని, మళ్లీ మనల్నే ‘మీకు అభిరుచి లేదు’ అంటారు. అయినా లేకపోతే కదా? మా మేనమామకి పావురాల పిచ్చి. కూలి డబ్బుల్లో ముందు జొన్నలు కొని, తర్వాత ఇంటికి నూకలు కొనేవాడు. మా అత్త తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టేది. ఒకనాడు ఆసామి ఆ గూడు చూసి, ‘కూలోడికి పావురాలెందుకురా?’ అన్నాడు. మామ మాట్లాడలేదు. ఆసామి ఇంట్లో రామచిలక పంజరం ఉంది. దానికి ఎందుకు అని అడిగినవాడు లేడు.

ఇప్పుడు ఫోన్లొచ్చాయి. ప్రతివాడికీ ఒక బొమ్మ పెట్టుకునే చోటు, ఒక మాట చెప్పుకునే చోటు వచ్చింది. మా ఉద్యోగుల గ్రూపొకటుంది. పొద్దున్నే వెంకటేశ్వరస్వామి, తర్వాత సాయిబాబా, తర్వాత పూలగుత్తితో శుభోదయం. ఒకాయనకి బోన్సాయ్ మొక్కలంటే మోజు, రోజుకో ఫోటో. ఒకాయనకి పాత హీరో అంటే దేవుడు, పుట్టినరోజు నాడు ఇరవై ఫోటోలు. ఆ హీరోది ఏ కులమో అందరికీ తెలుసు, ఆ ఫోటోలు పెట్టేవాళ్లు ఏ కులమో కూడా తెలుసు. ఎవరూ ఏమీ అనరు. బాగుంది, అనకూడదు కూడా. మా జూనియరు టీచరమ్మ ఒకామె ఏప్రిల్ 14న అంబేద్కర్ బొమ్మ పెట్టి, ‘మా ఇంట్లో మొదట చదువుకున్న ఆడపిల్లని నేను, ఈయన వల్ల’ అని ఒక్క వాక్యం రాసింది. పది నిమిషాల్లో జవాబొచ్చింది. ‘దయచేసి గ్రూపులోకి కులాన్ని తేవద్దు.’ దానికింద నాలుగు నమస్కారాల గుర్తులు.

చూశారా! దేవుడు కులం కాదు, హీరో కులం కాదు, మామిడికాయ పచ్చడి కులం కాదు. అంబేద్కర్ ఒక్కడే కులం!

ఆమె ఆ బొమ్మ తీసేసింది. తన పేరు పక్కన ఉన్న బొమ్మ కూడా మార్చి గులాబీ పువ్వు పెట్టుకుంది. మేము కోప్పడ్డాం. ఎందుకు భయపడ్డావమ్మా, నిలబడాల్సింది అన్నాం. ఆమె నెమ్మదిగా చెప్పింది. ‘సార్, నేను టౌన్లో అద్దె ఇల్లు వెతుక్కుంటున్నా. నెల కింద ఒక ఇంటావిడ సరే అని అడ్వాన్సు కూడా మాట్లాడింది. నా నంబరు తీసుకుంది. సాయంత్రానికి మా బంధువులొస్తున్నారు ఇల్లు లేదంది. నంబరు పక్కన అంబేద్కర్ ఉన్నాడు. మీరు సొంతింట్లో ఉన్నారు సార్.’ మాకు మాట రాలేదు. ఇప్పటికీ దానికి సరైన జవాబు మా దగ్గర లేదు. ఉపన్యాసం ఉంది గానీ అది జవాబు కాదు.

ఈమెకి పోయింది అద్దె ఇల్లు. 2015 మే నెలలో మహారాష్ట్రలోని షిర్డీకి పెళ్లికి వచ్చిన ఒక కుర్రాడికి ప్రాణమే పోయింది. నర్సింగ్ చదువుతున్న దళిత కుర్రాడు. షాపు దగ్గర కూర్చుని ఉండగా సెల్‌ఫోన్ మోగింది. అంబేద్కర్ మీద పాట రింగ్‌టోన్‌గా పెట్టుకున్నాడు. ఆపమన్నారు. మాట పెరిగింది. కొట్టి, మోటారు సైకిల్ మీద ఎత్తుకుపోయి చంపేశారు. ఇష్టమైన పాట ఫోన్లో పెట్టుకోవడం అనే అతి చిన్న సరదా. దేశంలో కోట్లమంది చేసే పని. మనదగ్గర 2022 మే 24న అమలాపురంలో ఏం జరిగిందో చూశాం. కోనసీమ జిల్లాకి అంబేద్కర్ పేరు పెడతామన్నందుకు మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. కాబట్టి ‘నీకిష్టమైన మనిషి ఎవరు?’ అనే ప్రశ్న ఇతరులకి కాలక్షేపం కావచ్చు. మనం మాత్రం అటూ ఇటూ చూసి జవాబు చెప్పాల్సి వస్తోంది.

వేముల రోహిత్‌ని గుర్తు చేసుకోండి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ హాస్టల్ నుంచి గెంటేస్తే, పరుపూ సామానూ మోసుకుంటూ అంబేద్కర్ పటంతో బయటికి నడిచిన ఐదుగురిలో ఒకడు. ‘వెలివాడ’లో పడుకున్నాడు. 2016 జనవరి 17న పోయాడు. ఆ పటం అందరికీ గుర్తుంది. ఉండాలి. కానీ తన ఆఖరి ఉత్తరంలో ఏం రాశాడో చాలామంది సభల్లో చెప్పరు. కార్ల్ సాగన్ లాగా సైన్సు రచయిత కావాలనుకున్నానని రాశాడు. సాగన్ అమెరికావాడు, నక్షత్రాల గురించి, గ్రహాల గురించి మామూలు మనిషికి అర్థమయ్యేలా చెప్పిన శాస్త్రవేత్త. గుంటూరులో కుట్టు మిషను తొక్కి పెంచిన తల్లి కొడుక్కి నక్షత్రాల పిచ్చి! స్నేహితులతో ఫేస్‌బుక్‌లో పంచుకున్న రాతలన్నీ తర్వాత పుస్తకంగా వచ్చాయి. చదివితే తెలుస్తుంది, ఆ పిల్లవాడి బుర్రలో ఎన్ని ఉన్నాయో. ఈ వ్యవస్థకి అవేవీ పట్టలేదు. దానికి కావాల్సింది ఒక్కటే, వాడి కులం సర్టిఫికెట్ సరైనదా కాదా అని. ఎనిమిదేళ్లయ్యాక 2024లో పోలీసులు కోర్టుకిచ్చిన రిపోర్టులో వాడు దళితుడే కాదని రాశారు. గొడవయ్యాక మళ్లీ విచారిస్తామన్నారు. ఒక మనిషికి సాగన్ అంటే ఇష్టమని రాసుకునే గడి ఆ రిపోర్టులో ఎక్కడుంటుంది?

ఇంతవరకూ వాళ్లని అన్నాం. ఇక మనవైపు చూసుకుందాం. సంఘాల్లో పనిచేసే మిత్రులకి కోపం వచ్చినా సరే.

ఐదారేళ్ల కిందట మా మండలంలో రెండు రోజుల శిక్షణా తరగతులు పెట్టాం. పరిచయాలప్పుడు ఒక ఇంటర్ కుర్రాడు తనకి బ్రూస్‌లీ అంటే ఇష్టమనీ, ఇంట్లో ఐదు పోస్టర్లున్నాయనీ చెప్పాడు. ఇంకో అమ్మాయి ముగ్గులంటే ఇష్టం, వంద చుక్కల ముగ్గు వేస్తానంది. మాలో ఒక పెద్దాయన లేచి, ముగ్గులు బ్రాహ్మణీయం, బ్రూస్‌లీ సామ్రాజ్యవాద సినిమా అని అరగంట పీకాడు. మేమూ తలూపాం. మధ్యాహ్నం భోజనాలయ్యాక చూస్తే ఆ ఇద్దరూ లేరు. తర్వాత రమ్మన్నా రాలేదు. ఆ తలూపుడు మాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. మా హాస్టల్ గోడకీ బ్రూస్‌లీయే ఉండేవాడు. బక్కగా, నల్ల జుట్టుతో, పెద్ద పెద్ద తెల్లవాళ్లని ఎగిరి తన్నేవాడు. ఊళ్లో దెబ్బలు తిని వచ్చిన పిల్లలకి వాడెందుకు నచ్చడు? అడిగితే ఆ కుర్రాడే చెప్పేవాడు కదా. మనం అడగలేదు.

నచ్చిందల్లా గొప్పదని మేము అనడం లేదు. సినిమా హీరోల అభిమాన సంఘాల్లో కటౌట్లెక్కి పాలు పోసేది మన పిల్లలే, టికెట్ డబ్బులు పోయేది ఏ ఇంటికో కూడా తెలుసు. దాన్ని విమర్శించాల్సిందే. కాని మొదట వినాలి, ఎందుకు నచ్చిందో చెప్పనివ్వాలి. తర్వాతే వాదన.

అంబేద్కర్‌ని తీసుకోండి. మనం ఆయన్ని వేలు చూపించే విగ్రహంగా చేసి ఊరి మధ్య నిలబెట్టాం. హైదరాబాద్‌లో 2023లో, విజయవాడలో 2024లో ప్రభుత్వాలు 125 అడుగుల విగ్రహాలు పెట్టాయి. మెడ వంచి చూస్తే తప్ప ముఖం కనపడదు, జేబులో పెన్ను అసలే కనపడదు. ఆ పెన్నులంటే ఆయనకి ఎంత మోజో తెలుసా? మంచి ఫౌంటెన్ పెన్ను కనపడితే కొనకుండా ఉండేవాడు కాదు. కుక్కల్ని ప్రేమగా పెంచాడు. తోటపని ఇష్టం. వంట చేసి స్నేహితులకి పెట్టేవాడు. వయసు మళ్లాక వయొలిన్ నేర్చుకోవడం మొదలుపెట్టాడు, అదీ అన్ని రోగాల మధ్య, అన్ని పనుల మధ్య. పుస్తకాల సంగతి చెప్పక్కర్లేదు. న్యూయార్క్‌లో చదివేటప్పుడు కడుపు మాడ్చుకుని పాత పుస్తకాల షాపుల్లో రెండువేల దాకా కొన్నాడు. 1917లో తిరిగొచ్చేటప్పుడు ఆ పుస్తకాలు వేసిన ఓడ యుద్ధంలో మునిగిపోయింది. మళ్లీ మొదట్నుంచి కొన్నాడు. దాదర్‌లో ‘రాజగృహ’ కట్టుకుంది ఆ పుస్తకాలకి చోటు కోసమే. 2020 జూలై 7న ఆ ఇంటి మీద పడి అద్దాలు, పూలకుండీలు పగలగొట్టారు. పూలకుండీలు కూడా!

‘అంటరానోడికి సూటెందుకు’ అని ఆయన్నీ అన్నారు. మా మామని పావురాలెందుకన్నట్టే.

తనకి ఇష్టమైన మనుషుల్ని ఆయన ఎలా చెప్పుకున్నాడో చూడండి. బుద్ధుడు, కబీరు, ఫూలే తన గురువులన్నాడు. ఫూలే 1890లో పోయాడు, అంబేద్కర్ 1891లో పుట్టాడు. ఒకరినొకరు చూసుకోలేదు. అయినా 1946లో శూద్రుల మీద రాసిన పుస్తకం ఫూలేకి అంకితమిచ్చాడు. 1948లో అంటరానివారి మీద రాసిన పుస్తకాన్ని నందనార్, రవిదాస్, చొఖామేళాకి ఇచ్చాడు. ఒకరు తమిళ దేశం, ఒకరు కాశీ, ఒకరు మహారాష్ట్ర. ముగ్గురూ అంటరానివాళ్లుగా పుట్టిన భక్తులు. ఆయన భక్తిమార్గాన్ని ఒప్పుకున్నాడా? లేదు. అయినా వాళ్లని పేరు పెట్టి గౌరవించాడు. ఇష్టం వేరు, గుడ్డిగా వెంటపోవడం వేరు అని ఆయనకి బాగా తెలుసు. 1943లో పూనాలో రానడే మీద మాట్లాడుతూ వ్యక్తిపూజని దులిపేశాడు. 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో, రాజకీయాల్లో భక్తి చివరికి నియంతృత్వానికే దారి తీస్తుందని హెచ్చరించాడు.

ఇంకో సంగతి, క్రికెట్ ఇష్టమున్న కుర్రాళ్లకి. పల్వంకర్ బాలూ అని స్పిన్ బౌలరుండేవాడు, చర్మకార కులంవాడు. 1911లో ఇంగ్లండ్ వెళ్లిన భారత జట్టులో వందకి పైగా వికెట్లు తీశాడు. అతని బౌలింగ్ కావాలి గాని, టీ మాత్రం గ్రౌండు బయట వేరే మట్టి కప్పులో ఇచ్చేవాళ్లు. యువకుడిగా ఉన్న అంబేద్కర్‌కి బాలూ అంటే అభిమానం. అదే బాలూ 1937 ఎన్నికల్లో కాంగ్రెస్ తరఫున అంబేద్కర్ మీదే పోటీకి నిలబడి ఓడిపోయాడు. అభిమాన పాత్రులు అట్లా కూడా చేస్తారు. అందుకని ఆ బౌలింగ్ చెడ్డదైపోతుందా?

మన ఇళ్లల్లో ఇంకా ఎంతమంది ఉన్నారు చెప్పుకోడానికి! గబ్బిలంతో కబురంపిన జాషువా. 1906లోనే హైదరాబాద్‌లో జగన్మిత్ర మండలి పెట్టిన భాగ్యరెడ్డివర్మ. నల్లదొరతనమూ వద్దన్న కుసుమ ధర్మన్న. సదాలక్ష్మి, ఈశ్వరీబాయి. చిందు ఎల్లమ్మ ఆట చూసినవాళ్లు నిజామాబాద్ వైపు ఇంకా ఉన్నారు. పుస్తకాల్లో లేనివాళ్లు ఇంకా ఎక్కువ. దప్పు కాచి ఒక్క దెబ్బలో సరైన మోత తెప్పించే తాత ఏ విగ్రహానికి తక్కువ? కాని మన ఫోన్లలో ఏప్రిల్ 14న ఒకే బొమ్మ, ఒకే కొటేషను, అటు పంపింది ఇటు, ఇటు పంపింది అటు. ఎవడో పట్నంలో తయారుచేసింది. ఆ పంపినవాడికి అంబేద్కర్‌లో ఏం నచ్చిందో మనకి తెలీదు. ఆ టీచరమ్మ రాసిన ఒక్క వాక్యం వంద బొమ్మల పెట్టు. అందుకే కదా దాన్నే తీయించారు.

పత్రిక పెద్దలతో మాట్లాడాం. వచ్చే సంచిక నుంచి చివరి పేజీలో సగం ఇస్తామన్నారు. కార్డు మీద గాని, కాయితం మీద గాని రాసి పంపండి. మీకేది ఇష్టమో, ఎవరంటే ఇష్టమో, ఎందుకో. నాలుగు వాక్యాలు చాలు. రాయడం రానివాళ్లు పిల్లలతో చెప్పి రాయించండి. పేరు వేయొద్దంటే వేయం. ఆ టీచరమ్మలాగా ఇల్లు వెతుక్కునేవాళ్లు చాలామంది ఉన్నారని మాకు తెలుసు. ఊరు పేరు కూడా అక్కర్లేదు. అప్పుచెప్పిన జాబితాలు పంపొద్దు. పావురాలు, అగ్గిపెట్టెల బొమ్మలు, వంద చుక్కల ముగ్గు, బ్రూస్‌లీ, ఏదైనా సరే. ఆ శిక్షణా తరగతుల నుంచి వెళ్లిపోయిన ఇద్దరూ ఈ పత్రిక చూస్తే వాళ్లు కూడా రాయాలని మా కోరిక.

మొదటి కాయితం మాకు అందింది. ఎనిమిదో తరగతి. హాబీ: రాలిన ఈకలు దాచడం, ఇప్పటికి ముప్పై ఒక్క రకాలు. ఇష్టమైన మనిషి: మా నాయనమ్మ. ఎందుకంటే నాకు పిట్టల పేర్లన్నీ ఆమే చెప్పింది, ఆమెకి సంతకం రాదు.